ఒట్టాయన

ఇంజనీరు ఎడమచేతిని వాళ్ళమ్మ మొదటిసారి కట్టేసినప్పుడు అతనికింకా మాటలు కూడా సరిగా రాలేదు. పాత దుప్పటి అంచు చించి, ఒక కొస మణికట్టుకి చుట్టి, రెండో కొస నడుముకి ముడేసేది. ముడి మీద కాసిని నీళ్ళు చల్లేది. తడిసిన ముడి పిల్లల గోళ్ళకి లొంగదు. బట్టలు కుట్టి పొట్టపోసుకునే మనిషికి గుడ్డ సంగతి ఇంకొకరు చెప్పాలా.

ఆవిడకి పుర్రచెయ్యంటే ఎందుకంత కసో ఇరుగుపొరుగుకి తెలియనిది కాదు. ఆవిడ మొగుడిదీ పుర్రచేతి వాటమే. కొట్టడం మొదలుపెడితే ఆ చేత్తోనే కొట్టేవాడు. ఎదురుగా నిలబడ్డ మనిషిని ఎడమచేత్తో కొడితే దెబ్బ కుడిచెంప మీద పడుతుంది. అలా పడీ పడీ ఆవిడకి కుడిచెవి పోయింది. మొగుడు ఒకరోజు చెప్పాపెట్టకుండా ఎటో పోయాడు. చెయ్యి మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది, కొడుకు భుజానికి అతుక్కుని.

"వాడి చెయ్యి వీడికి దిగింది. చూస్తూ ఊరుకోమంటారా?" అనేది, ఎవరైనా జాలిపడి ముడి విప్పబోతే.

పిల్లవాడు కుడిచేత్తో తినడం నేర్చుకున్నాడు. కుడిచేత్తో రాయడం నేర్చుకున్నాడు. అక్షరాలు కోడి కెలికినట్టుండేవి గానీ బుర్ర మంచిది. చదివి ఇంజనీరయ్యాడు, సైన్యంలో చేరాడు. బాంబుల్ని నిర్వీర్యం చేసే దళంలో వేశారు. అది కాగితాల మీద మాట. వాళ్ళలో వాళ్ళు మాత్రం పన్ను పీకినట్టు, మేకు పీకినట్టు, "పీకడం" అనే అనుకుంటారు. అతని కుడిచెయ్యి నెమ్మదిగా కదిలేది, పట్టు చాలేది కాదు. పై అధికారి రెండుసార్లు చూసి సామాన్ల కొట్లో కూర్చోబెట్టాడు. పొద్దున పట్టకార్లు ఇవ్వాలి, సాయంత్రం పట్టకార్లు తీసుకోవాలి. తోటివాళ్ళు "నత్త" అని పేరు పెట్టారు. అతనూ నవ్వేవాడు. పెళ్ళి జరిగింది ఆ రోజుల్లోనే.

కోడలు వచ్చింది. చదువు పెద్దగా లేదు, నోట్లోంచి మాట కూడా కొలిచినట్టే వచ్చేది. సైన్యంవాళ్ళిచ్చిన రెండు గదుల ఇంట్లో ముందు గది అత్తగారిది, ఆవిడ కుట్టుమిషనుది. లోపలి గది వీళ్ళిద్దరిది.

ఒకనాటి మధ్యాహ్నం ఇస్త్రీపెట్టె పాడైతే ఇంజనీరు నేలమీద బాసింపట్టు వేసుకుని దాని అడుగు విప్పుతున్నాడు. స్క్రూడ్రైవర్ జారి అరచేతిలో గుచ్చుకుంది. నెత్తురు తుడుచుకుని మళ్ళీ తిప్పాడు. మళ్ళీ జారింది.

"బాంబులు పీకే చోట మిమ్మల్ని ఎలా ఉంచుకున్నారండీ?" అంది కోడలు, గుడ్డ తడిపి అందిస్తూ.

"బాంబు దగ్గరికి పంపితే కదా."

"ఎడమచేత్తో తిప్పండి."

అతను తలుపు వైపు చూశాడు. అంత మగాడు, భుజం మీద సైన్యం గుర్తులున్నవాడు, తలుపు వైపు చూశాడు.

"అత్తయ్య నిద్రపోతున్నారు. ఏ చేత్తో వస్తే ఆ చేత్తో తిప్పండి. స్క్రూకి కళ్ళున్నాయా ఏంటి?"

చెయ్యి మార్చాడు. స్క్రూ వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. తర్వాత రెండోది, మూడోది. అన్నీ అయ్యాక ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, అది ఇంకెవరిదో అయినట్టు చూస్తూ కూర్చున్నాడు. వెనక గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు.

"నేను ఇన్నేళ్ళు కట్టిన ముడి నువ్వు ఒక్క మాటతో విప్పావు," అంది కోడలితో. "మంచిదమ్మా. చూద్దాం."

అక్కణ్ణించి అతని రాత మారింది. పనిలో ఎడమచెయ్యి వాడటం మొదలుపెట్టాడు. కొట్లోంచి బయటికి తీశారు. నత్త అన్నవాళ్ళే, కష్టమైన బాంబు డబ్బా ఏది దొరికినా "ఇంజనీరుగారిని పిలవండి" అనేవారు.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. బాంబు దగ్గరికి ఒక్కడే వెళ్ళాలి. వెళ్ళినవాడు చేసే ప్రతి పనీ చేయబోయే ముందు పైకి చెప్పాలి. ఫోను తీగకి అవతల చివర, దూరంగా, ఇసుక బస్తాల వెనక ఒకడు కూర్చుని వింటాడు. విన్న ప్రతి మాటనీ తిరిగి అప్పజెప్తాడు. ఎందుకంటే పీకేవాడు పోతే ఎక్కడిదాకా వచ్చి పోయాడో తర్వాతివాడికి తెలియాలి, ఆ అడుగు ఇంకొకడు వేయకూడదు. ఇంజనీరు మాటలు వినే మనిషిని దళంలో అందరూ "చెవి" అనేవారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. "ఇప్పుడు గిన్నె మూత తీస్తున్నా. ఇప్పుడు పాలు పోస్తున్నా," అనేవాడు ఇంజనీరు పొయ్యి దగ్గర.

"మూత తీశారు. పాలు పోశారు. సగం పొయ్యిలో పోశారు," అని అప్పజెప్పేది కోడలు. ఆమె జీవితంలో వేసిన జోకులు అన్నీ ఆ వంటింట్లోనే.

ఆడపిల్ల పుట్టింది. కూర్చోవడం రాగానే గిలక్కాయ కోసం ఎడమచెయ్యి చాచింది. ఇంజనీరు పగలబడి నవ్వాడు. అత్తగారు లేచి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. తండ్రి బతికున్నంత కాలం ఆ పిల్ల చేతి జోలికి వెళ్ళలేదు.

చివరిసారి సెలవు మీద వచ్చినప్పుడు తిరిగి వెళ్ళే రోజు పొద్దున, తల్లీ కొడుకులు ముందు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. బయటికి వచ్చాక అతను చొక్కా గుండీలు కుడిచేత్తో పెట్టుకోవడం చూసింది కోడలు. ఒక గుండీ తప్పి పక్క కాజాలో దూరింది.

"చెయ్యి నొప్పా?"

"ఏం లేదు. ఊరికే."

"పెద్దాఫీసరు ఇలా గుండీలు తప్పి వెళ్తే బాంబే నవ్వుతుంది," అని ఆమే సరిచేసింది. ఆమె అతన్ని ముట్టుకోవడం అదే ఆఖరు.

తర్వాత పెట్టె వచ్చింది. నిండు మనిషి ఉండాల్సిన పెట్టెని కుర్రాళ్ళు ఆయాసం లేకుండా మెట్లెక్కించారు. మూత స్క్రూలు బిగించి ఉంది, తీయకూడదన్నారు. కోడలు గోడకి ఆనుకుని నిలబడింది. అత్తగారు పెట్టె మీద రెండు చేతులూ పెట్టి, వెంట వచ్చిన అధికారిని అడిగింది.

"చేతులున్నాయా?"

అధికారి తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఏ చేత్తో ముట్టుకున్నాడు?"

"అలాంటివి మాకు తెలియవమ్మా. దాని అమరికే అంత. ఎవరున్నా ఇంతే జరిగేది."

ఆవిడ తల తిప్పి కోడల్ని చూసింది. ఏడుపు లేదు ఆ చూపులో. "వాణ్ణి అలాగే ఉంచితే కొట్లో పట్టకార్లు లెక్కపెట్టుకుంటూ పింఛను తీసుకునేవాడు," అంది. "నత్తలా బతికేవాడు. బతికేవాడు."

ఆ మాట నిజమని కోడలికీ తెలుసు. ఏడాది పొడుగునా ఆవిడ దాన్ని రకరకాలుగా అంది. కోడలు చీపురు పట్టుకుంటే అంది, కంచం ముందు కూర్చుంటే అంది. పొరుగావిడ పలకరించడానికి వస్తే, "మా కోడలిది చల్లని చెయ్యి. వాడి చెయ్యి విప్పి పంపింది," అని టీ ఇచ్చింది. కోడలు తల ఎత్తలేదు. రోజూ ఆ ఇస్త్రీపెట్టెతోనే బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ, నేను నోరు మూసుకునుంటే అని ఒక్క ముక్కనే లోపల తిప్పుకుంటూ ఉండేది.

పెట్టె వచ్చి నెల తిరక్కుండానే అత్తగారు దుప్పటి అంచు చించింది. ఈసారి మనవరాలి చేతికి. కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"ఏం, దీన్నీ పంపుతావా పెట్టెలో?" అంది అత్తగారు ముడి మీద నీళ్ళు చల్లుతూ.

ఏ ముఖం పెట్టుకుని వద్దంటుంది. పిల్ల నడుముకి చెయ్యి కట్టుకుని బడికి పోయేది, పోయిన చోట పిల్లలు ఒంటిచెయ్యి అని వెక్కిరిస్తే తలూపి వచ్చేది. సాయంత్రాలు నాన్నమ్మా మనవరాలూ ఏదో గుసగుసలాడుకునేవారు. ఏమిటని అడిగితే, "మా ఇద్దరి మాట," అనేది పిల్ల. రాత్రి స్నానం చేయించేటప్పుడు ముడి విప్పితే మణికట్టు చుట్టూ ఎర్రగా వాత తేలి ఉండేది. కోడలు అక్కడ నూనె రాసేది.

ఏడాది తిరిగాక దళం నుంచి కబురొచ్చింది. గోడ మీద పేరు చెక్కిస్తున్నారట, ఇంటివాళ్ళు రావాలట. అత్తగారు రానంది. "గోడని చూసి ఏం చేస్తాను. నువ్వు పో. పోయి ఒక్కటే అడిగిరా. ఏ చెయ్యో అడుగు."

"ఎడమచెయ్యని చెప్తే?"

"దీని ముడి ఇది పెద్దమనిషయ్యేదాకా ఊడదు. నువ్వు మాట్లాడకూడదు."

"కాదని చెప్తే?"

"కుడిచెయ్యి ఎవర్నీ చంపదు," అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ. "చెప్తే అప్పుడే విప్పేస్తాను. పో."

కోడలు బస్సెక్కింది. దారి పొడుగునా తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని కూర్చుంది.

దళం ఆవరణలో గోడకి తెల్లటి గుడ్డ కట్టారు. పెద్ద అధికారి గుడ్డ లాగాడు, మాట్లాడాడు. ఆఖరి క్షణంలో కూడా ఇంజనీరు దేశాన్నే తలుచుకున్నాడని చెప్పాడు. కోడలు ముందు వరుసలో కూర్చుని ఆ మాట విని, ఇది అబద్ధం అనుకుంది. పని చేసేటప్పుడు ఆయన మూత గురించీ స్క్రూ గురించీ తప్ప ఇంకోటి మాట్లాడరు.

తర్వాత కాగితం కప్పుల్లో టీ ఇచ్చారు. వెనక ఇద్దరు కొత్త కుర్రాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"ఎవర్రా ఆవిడ?"

"ఒట్టాయన వాళ్ళావిడట."

ఆమె తిరిగింది. "ఏమన్నావు బాబూ?"

కుర్రాడు టీ కప్పు కింద పెట్టాడు. "ఏం లేదండి. మా పాఠంలో పేరండి అది. చెవి సార్ చెప్తారు."

చెవి శిక్షణ గదిలో నల్లబల్ల తుడుస్తున్నాడు. సన్నటి మనిషి, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు మెడ ముందుకి సాగి ఉంటుంది. ఆమెని చూడగానే చేతిలోని గుడ్డ కింద పడేశాడు. ఏడాదిగా అతను ఆ ఇంటి గడప తొక్కలేదు.

"ఏ చెయ్యి అన్నయ్యా?" అంది ఆమె.

"వద్దు వదినగారూ. పోయినాయన పోయాడు."

"నా కూతురి చెయ్యి నడుముకి కట్టేసి ఉంది. ఏ చెయ్యో తెలిస్తేగానీ విప్పరు."

అతను వంగి గుడ్డ తీసుకుని బల్ల వైపు తిరిగాడు. "ఎదురుగా చెప్పలేను," అన్నాడు చివరికి. "ఇప్పుడే క్లాసుంది. వెనక బెంచీలో కూర్చోండి. వీళ్ళకి చెప్పేదే చెప్తాను, ఒక్క మాట తీయను, ఒక్క మాట కలపను."

కుర్రాళ్ళు వచ్చి కూర్చున్నారు. చెవి వాళ్ళ వైపు తిరిగాడు, ఆమె వైపు చూడలేదు.

"రేకు డబ్బా. వంతెన కింద. లోపల స్ప్రింగు మీద ఒక బద్ద. బద్ద లేచినా, పిన్ను తప్పి పక్కన తగిలినా, అయిపోయింది. ఒక చేత్తో బద్దని అదిమి పట్టుకోవాలి, రెండో చేత్తో బెజ్జంలో పిన్ను దూర్చాలి. సూదిలో దారం ఎక్కించేంత పని, అంతకన్నా ఏం లేదు. ఇంజనీరుగారు అలాంటివి చాలా పీకారు. ఎప్పుడూ కుడిచేత్తో అదిమి, ఎడమచేత్తో దూర్చేవారు. ఆ రోజు ఏం జరిగిందో వినండి."

అతని గొంతు మారింది. కోడలు బెంచీ అంచు పట్టుకుంది. అది ఆయన గొంతే, పొయ్యి దగ్గరి గొంతు.

"'మూత తీశాను. ఎడమచెయ్యి బద్ద మీద పెడుతున్నా. కుడిచేత్తో పిన్ను తీసుకుంటున్నా.' నేనన్నాను, 'సార్, చేతులు మారాయి.' 'తెలుసురా. మా అమ్మ తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించింది, ఎడమచేత్తో పని చేయనని.' నేనన్నాను, 'ఆ ఒట్టు తీసి గట్టున పెట్టండి సార్.' 'ఇక్కడ గట్టెక్కడుందిరా చెవీ, అంతా బురదే.'"

కుర్రాళ్ళు నవ్వారు. ప్రతి జట్టూ అక్కడ నవ్వుతుంది కాబోలు, చెవి ఆ నవ్వు అయ్యేదాకా ఆగాడు. టీ దగ్గరి కుర్రాడొక్కడే నవ్వలేదు.

"'కుడిచెయ్యి కొంచెం వణుకుతోంది. పిన్ను బెజ్జం దగ్గరికి తెస్తున్నా. దూరలేదు. మళ్ళీ తెస్తున్నా.' అంతే." చెవి సుద్దముక్క తీసుకున్నాడు. "తప్పెవరిది?"

"వాళ్ళమ్మది సార్," అన్నాడొకడు. మళ్ళీ నవ్వు.

"కాదు సార్, ఆయనదే," అన్నాడు ఇంకొకడు. "వాళ్ళమ్మ అక్కడ లేదు కదా."

"రెండోవాడు చెప్పింది రాసుకోండి," అని చెవి బల్ల మీద పెద్దక్షరాలతో రాశాడు. పని మధ్యలో చెయ్యి మార్చకు.

గంట కొట్టాక గది ఖాళీ అయింది. ఆమె లేచి అతని దగ్గరికి వచ్చింది.

"చేతులు మారాయని మీకు తెలుసు. ఎందుకు ఆపలేదు?"

"నవ్వొచ్చింది వదినగారూ," అన్నాడు చెవి, ఇంకా బల్ల వైపే తిరిగి. "గట్టెక్కడుందిరా అన్నారు కదా. నవ్వాను. తర్వాతవి వింటూనే ఉన్నాను, అప్పజెప్పడానికి నోరు సర్దుకోలేదు. నా నవ్వు ఆగేసరికి అవతల ఏమీ లేదు."

ఆమె బల్ల మీది రాతని ఒకసారి చూసి బయటికి నడిచింది.

బస్సులో కూర్చున్నాక, ఏడాదిగా గుండెల మీద ఉన్న బండ కదిలిందని తెలిసింది. ఆ బండ ఇప్పుడు చేతిలో ఉంది. దాన్ని ఎక్కడ వేయాలో కూడా తెలుసు. ముసలి ప్రాణం, పోనీ, కుడిచెయ్యని ఒక్క మాట చెప్పి ఒట్టు సంగతి మింగేద్దామని ఒక స్టాపు వరకూ అనుకుంది. తర్వాతి స్టాపులో, పలకరించడానికి వచ్చి టీ తాగిన పొరుగావిడ గుర్తొచ్చింది. చల్లని చెయ్యి గుర్తొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు మిషను తొక్కుతోంది. పిల్ల కింద కూర్చుని, కట్టని చేత్తో గుండీలు రంగుల వారీగా వేరుచేస్తోంది.

"అడిగావా?"

"అడిగాను."

కోడలు పీట లాక్కుని ఆవిడకి ఎడమవైపు కూర్చుంది. మంచి చెవి అటే. ఒక్క ముక్క కూడా వినపడకుండా పోకూడదు. అప్పుడు చెప్పింది, చెవి చెప్పినట్టే, ఒక్క మాట తీయకుండా. ఎడమచెయ్యి బద్ద మీద పెడుతున్నా. కుడిచేత్తో పిన్ను తీసుకుంటున్నా. ఒట్టు దగ్గరికి వచ్చేసరికి మిషను ఆగింది. కోడలు ఆగలేదు. కుర్రాళ్ళు నవ్వడం చెప్పింది. ఒట్టాయన అని పేరు పెట్టారని చెప్పింది. పిన్ను రెండోసారి తేవడం కూడా చెప్పింది.

ముసలావిడ చేతికింద గుడ్డ అలాగే ఉంది, సూది దిగి.

"వెధవ," అంది చివరికి. "ఏనాడు నా మాట విన్నాడు? చిన్నప్పుడు ముడి కొరికేసేవాడు. అదొక్కటే వినాలా? అక్కడ ఎవరు చూస్తున్నారని?"

కోడలు పిల్ల నడుముకున్న ముడి వైపు చూసింది.

"నువ్వు ఆ చెయ్యి విప్పకపోతే నేను ఒట్టెందుకు వేయించుకుంటానే?"

"అది నిజమే అత్తయ్యా. ఆ సంగతి రేపట్నించి నన్ను రోజూ అడగండి, వింటాను. మీరు మాటిచ్చారు. దీని చెయ్యి విప్పండి."

ముసలావిడ కిందికి వంగింది. ముడి పొద్దున తడిపింది, బిగిసిపోయి ఉంది. వేళ్ళు దాని మీద జారాయి. ఎన్ని కాజాలు కుట్టిన వేళ్ళో, ఒక ముడి పట్టు దొరకలేదు. కత్తెర తీసుకుని కోసేసింది. గుడ్డపీలిక నేలమీద పడింది. పిల్ల తన మణికట్టు వైపు చూసుకుని, ఆ చేతిని తీసుకెళ్ళి వీపు వెనక పెట్టుకుంది.

భోజనాల దగ్గర అత్తగారే కంచం తెచ్చి మనవరాలి ముందు పెట్టింది. చెంచా తీసి, పిల్ల ఎడమచెయ్యి ముందుకి లాగి, వేళ్ళ మధ్య పెట్టింది. పిల్ల చెంచాని కుడిచేతిలోకి మార్చుకుంది. ఆవిడ మళ్ళీ ఎడమచేతిలో పెట్టింది. పిల్ల మళ్ళీ మార్చుకుంది.

"ఇటు పట్టుకోవే. ఇక ఎవరూ ఏమీ అనరు."

"నీ మీద ఒట్టు వేయించుకున్నావు కదా నాన్నమ్మా. ఆ చెయ్యి వాడితే నువ్వు చచ్చిపోతావన్నావు."

కోడలికి అప్పుడు తెలిసింది సాయంత్రాల గుసగుసలేమిటో.

"నాకేం కాదు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. తినమ్మా. నేను చస్తే చస్తాను, నువ్వు తిను."

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఇందాక ఆ గదిలోనే గుండీలు ఏరుతూ అన్నీ విన్న పిల్ల అది.

"నాన్న వాడలేదు కదా," అంది. "అందుకే నువ్వున్నావు."

పిల్ల కూర్చున్నది ఆవిడకి కుడివైపు. ఆ మాట ఆవిడకి వినపడి ఉండదని అనుకోవాలనిపించింది కోడలికి. కానీ ముసలావిడ లేచి, కంచం దాటి, ముందు గదిలోకి వెళ్ళింది. కాసేపటికి మిషను శబ్దం మొదలైంది. కోడలు వెళ్ళి చూస్తే దాని కింద గుడ్డ లేదు. సూది ఊరికే లేస్తోంది, దిగుతోంది.

లోపల పిల్ల కుడిచేత్తో తింటోంది. సగం కంచం చుట్టూ పడుతోంది. ఎడమచెయ్యి వీపు వెనకే ఉంది, ఎవరూ కట్టకుండా.